పెద్దకోడలి సామాను

మా అత్తగారికి ఇద్దరు కోడళ్లు. చిన్నదాన్ని నేను. పెద్దది కాంక్రీట్ పంపు.

నవ్వకండి. ఆ మాట మొదట అన్నది మా అత్తగారే. కాపురానికొచ్చిన కొత్తలో ఒక సాయంత్రం వంటంతా చేసి, కంచాలు కడిగి పెట్టుకుని, మా ఆయన కోసం గుమ్మంలోకీ వంటింట్లోకీ తిరుగుతున్నాను. ఆవిడ తాపీగా గోడకి చేరగిలబడి, “ఇప్పట్లో రాడులే అమ్మాయ్, పెద్దకోడలికి ఒంట్లో బాగాలేదట” అన్నారు. ఈయనకు ఇంతకుముందే ఒక పెళ్లయిందనీ, మా నాన్న ముందూ వెనకా చూసుకోకుండా నన్ను కట్టబెట్టేశాడనీ అనుకుని, చేతిలో గరిటె అక్కడే పడేసి ఏడుపు లంకించుకున్నాను. ఆవిడ కంగారు పడి, నా చెయ్యి పట్టుకుని ఆయన పనిచేసే సైటుకు తీసుకెళ్లారు. అక్కడుంది మహాతల్లి. నాలుగు చక్రాలు, పెచ్చులూడిన పసుపు రంగు, ఒక కొసన పెద్ద తొట్టి, ఇంకో కొసన డీజిల్ ఇంజను. దాని కింద నుంచి రెండు కాళ్లు బయటికి చాచి ఉన్నాయి. అవి మా ఆయనవి.

ఏడుపైతే ఆగింది. దాని స్థానంలో మొదలైన కడుపుమంట మాత్రం ఇప్పటికీ చల్లారలేదు.

పెద్ద పెద్ద భవనాలు కట్టే కంపెనీలో మా ఆయన మెషిన్ల మెకానిక్కు. మెషిన్లు ఎన్ని ఉన్నా ప్రాణం మాత్రం ఆ పంపు మీదే. కింద తొట్టిలో కాంక్రీటు పోస్తే పైపుల్లోంచి పై అంతస్తుకు తోయడం తప్ప దానికి ఇంకో విద్య రాదు. అదైనా సక్రమంగా చేస్తుందా అంటే, స్లాబు సగంలో ఉండగా మొరాయిస్తుంది. లోపల కాంక్రీటు గడ్డకట్టేలోపు ఈయన పరుగెత్తాలి. పైపులు విప్పాలి, సుత్తితో తట్టాలి, చెవి ఆనించి వినాలి. నా గుండె చప్పుడు ఎప్పుడైనా అలా చెవి ఆనించి విన్నారా అంటే, ఆ సంగతి నన్ను అడక్కండి.

ఒకసారి నాకు జ్వరమొచ్చింది. నుదుటి మీద చెయ్యి వేసి చూసి, మాత్ర ఇచ్చి, దుప్పటి కప్పి పనికి వెళ్లిపోయారు. ఆ వారంలోనే పంపు ఇంజను వేడెక్కింది. దాని పక్కన బల్ల వేసుకుని, అది చల్లబడేదాకా కూర్చున్నారు. ఇంకోసారి, నేను ముచ్చటపడి కొనుక్కున్న కొత్త తువ్వాలు కనిపించక ఇల్లంతా గాలించాను. చివరికది తొట్టి తుడిచే గుడ్డగా తేలింది. అడిగితే ఈయన నిమ్మకు నీరెత్తినట్టు, “మెత్తగా ఉందని తీసుకెళ్లానే” అన్నారు. మెత్తనివన్నీ దానికి కావాలి. నా ఒంటికి గోనెపట్టా చాలు.

మా అత్తగారికి ఇదంతా వినోదం. “పెళ్లికి ముందు నుంచీ ఉన్నది, పెద్దరికం దానిదే. నువ్వే సర్దుకుపో” అంటారు. ఆవిడ నోటి నుంచి ఆ పేరు సైటంతా పాకిపోయింది. కూలీల దగ్గర్నుంచి ఇంజనీరు దాకా అందరూ దాన్ని పెద్దకోడలనే అంటారు. “అక్కా, పెద్దకోడలు ఇవాళ మూతి ముడుచుకుంది” అని నా దగ్గరికే వచ్చి చెబుతారు, నేనేదో వెళ్లి గడ్డం పట్టుకుని బతిమాలి తీసుకొస్తానన్నట్టు.

నా ఉద్యోగమూ ఆ కంపెనీలోనే, ఆయనున్న సైటులోనే. రేకుల గది, ఒక కంప్యూటరు, తిరిగేదాని కన్నా మూలిగేది ఎక్కువైన ఫ్యాను, ఎదురుగా గేటు కనిపించే కిటికీ. సైటుకొచ్చిన ప్రతి మెషినునూ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించడం, పనైపోయినదాన్ని తీసెయ్యడం నా పని. మిక్సర్లు, జనరేటర్లు, ఇనుము వంచే యంత్రాలు, అన్నిటికీ తెర మీద ఒక్కో గడి ఉంటుంది. గడిలో ఫొటో, కింద నంబరు, పక్కన ఎర్రటి చిన్న గుర్తు. ఆ గుర్తు నొక్కితే, ‘ఈ పరికరాన్ని ఈ ప్రాజెక్టు నుంచి తొలగించాలా?’ అని అడుగుతుంది. అవునంటే ఇక అది మా సైటుది కాదు. హెడ్డాఫీసు దాన్ని ఎక్కడ అవసరమైతే అక్కడికి పంపించేస్తుంది.

అప్పుడు మేం కడుతున్నది ఆసుపత్రి. అంతస్తులన్నీ లేచాయి, రంగులు పడుతున్నాయి. ఆసుపత్రి వాళ్లు మా కంపెనీని ఒక మాట అడిగారు. కట్టినవాళ్లలోంచే ఒక మంచి పనివాణ్ణి ఇవ్వండి, జనరేటర్లు, లిఫ్టులు, నీళ్ల మోటార్లు చూసుకోవడానికి పర్మనెంటు ఉద్యోగం ఇస్తాం, వెనక క్వార్టరు కూడా ఇస్తాం అని. ఆ క్వార్టరు నేను వెళ్లి చూసొచ్చాను. రెండు గదులు, వంటిల్లు, వంటింటికి కిటికీ. బయట మా అత్తగారు కాళ్లు చాపుకుని ఎండకు కూర్చోవడానికి సరిపోయే అరుగు. పెళ్లయినప్పటి నుంచీ మేమున్నవన్నీ రేకుల ఇళ్లే. ఒక భవనం పూర్తయ్యేసరికి మూటాముల్లె సర్దుకుని పంపు వెనకే ఇంకో ఊరు. గోడకు మేకు కొట్టుకోవాలన్నా, ఎందుకులే, వెళ్లిపోయేవాళ్లమే కదా అని ఊరుకునేదాన్ని. ఆ క్వార్టర్లో నిలబడి, ఏ గోడకు ఎక్కడ మేకు కొట్టాలో కూడా అనుకుని వచ్చాను.

“ఆ ఉద్యోగానికి ఒప్పుకోండి” అన్నాను మా ఆయనతో, అన్నం పెడుతూ.

“చూద్దాం” అన్నారు.

“చూడ్డానికేముంది? మేనేజరు గారు మీ పేరే చెబుతున్నారు.”

“పంపు సంగతి తేలనియ్యవే. అదెక్కడికి వెళ్తుందో, ఎవరి చేతిలో పడుతుందో.”

అదీ సంగతి. నేనెక్కడుంటానో, కన్నతల్లి ఎక్కడుంటుందో కాదు, అదెక్కడికి వెళ్తుందో. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. “దాన్ని కూడా తెచ్చి ఆ వంటింట్లో పెట్టుకుందాం లెండి. నేనూ మీ అమ్మా అరుగు మీద పడుకుంటాం” అన్నాను. ఆయన కంచంలోకి చూసుకుంటూ ముద్ద కలుపుకున్నారు. అత్తగారు మాత్రం, “అరుగు మీద నేనొక్కదాన్నే. ఇద్దరికి చాలదు” అన్నారు.

మెషిన్లన్నిటికీ పెద్దతలకాయ ప్లాంటు మేనేజరు గారు. ఆ వారం మొదట్లో నన్ను పిలిచి పని చెప్పారు. “అమ్మా, పనైపోయిన మెషిన్లన్నీ ఒక్కొక్కటే ప్రాజెక్టులోంచి తీసెయ్యండి. పంపును మాత్రం చివర్న చూద్దాం, ప్రహరీ పని మిగిలిందేమో కనుక్కుంటాను. శుక్రవారం మధ్యాహ్నం ఆసుపత్రి వాళ్లొస్తారు. ప్రాజెక్టులో ఆ రోజుకు ఎవరెవరున్నారో తెర మీద చూసి, అందులోంచి మనిషిని పిలిచి మాట్లాడతారు” అన్నారు.

నేను తియ్యడం మొదలుపెట్టాను. మిక్సర్లు పోయాయి. ఇనుము వంచే యంత్రాలు పోయాయి. గురువారం సాయంత్రానికి తెర సగానికి సగం ఖాళీ. మధ్యలో పసుపు రంగు పులుముకుని పెద్దకోడలు. ఆ ఫొటో ప్రాజెక్టు మొదట్లో నేనే తీశాను. ఫొటోలో ఒక మూలన మా ఆయన చెయ్యి కూడా పడింది, తొట్టి అంచు మీద వేసి ఉంది. తొట్టి మీద కాదు, ఎవరి భుజం మీదో వేసినట్టుంది. మా పెళ్లి ఫొటోలో ఆయన రెండు చేతులూ జేబుల్లో ఉన్నాయి.

కిటికీలోంచి చూస్తే బయట నిజం మనిషి నిజం పంపు దగ్గరే ఉన్నారు. పనేమీ లేకపోయినా గొట్టం పట్టుకుని దానికి నీళ్లు కొడుతున్నారు. క్వార్టరు తలుపు తీసి ఉంది, ఒక్కసారి వచ్చి చూడండి అని పొద్దున బతిమాలితే తీరిక లేదన్న మనిషి. దాని వీపు రుద్దుతూ ఏదో చెబుతున్నారు కూడా. ఇంజను ఆగి ఉంది, అది వినేదీ లేదు చచ్చేదీ లేదు. నాకు చెప్పని మాటలు దానికేం చెబుతున్నారో అని కిటికీ కమ్మీలకు చెవి ఆనించాను. నీళ్ల చప్పుడులో ఒక్క ముక్కా వినపడలేదు.

వెనక్కొచ్చి కూర్చుని ఎర్ర గుర్తు నొక్కాను.

చివర్న చూద్దామని మేనేజరు గారు అన్నమాట నిజమే. కానీ అది పోతే ఈయనకు సాకు ఉండదు. మర్నాడు ఆసుపత్రి వాళ్లు అడిగితే మారు మాట్లాడకుండా ఒప్పుకుంటారు. ప్రహరీ గోడకు కాంక్రీటు తట్టలతో మోస్తే ఏమీ కొంప మునగదు. ఇదీ నా లెక్క.

‘ఈ పరికరాన్ని ఈ ప్రాజెక్టు నుంచి తొలగించాలా?’ అంది. నిక్షేపంగా అన్నాను. ‘దీనికి జతచేసినవి అయిదు ఉన్నాయి. వాటినీ దీనితో పాటే తొలగించాలా?’ అంది. జతచేసినవంటే నాకు తెలిసినవే. ఉక్కు పైపులు, చివర తగిలించే రబ్బరు గొట్టం, పైపులు బిగించే క్లాంపులు, పైపుల లోపల శుభ్రం చెయ్యడానికి తోసే స్పాంజి బంతి. అయిదోది పనిముట్ల పెట్టె అయి ఉంటుందనుకున్నాను. పేర్లన్నీ కనపడాలంటే పక్కన చిన్న బాణం నొక్కాలి. ఎవరు నొక్కుతారు? పోయేది తన సామానంతా మూటగట్టుకునే పోవాలి, ఒక్క చెంచా కూడా నా ఇంట్లో మిగలకూడదు. అవునని నొక్కాను.

‘కారణం రాయండి’ అంది. అన్నిటికీ ‘పని పూర్తయింది’ అని కొట్టి వదిలేస్తాను. దీనికి మాత్రం మనసారా రాశాను. ‘పాతబడిపోయింది. మొండిది. చప్పుడెక్కువ, పని తక్కువ. ఇక్కడ ఎవరికీ అవసరం లేదు. వెంటనే తీసుకెళ్లండి.’

నొక్కాను. గడి మాయమైంది. ఇంటికెళ్లి అత్తగారు అడక్కుండానే రెండోసారి టీ పెట్టి ఇచ్చాను. “ఏంటే అమ్మాయ్, మొహం వెలిగిపోతోంది” అన్నారావిడ. “ఏం లేదత్తయ్యా, ఇల్లు సర్దాను” అన్నాను.

శుక్రవారం పొద్దున నేను ముందుగా వచ్చేశాను. అప్పటికే ట్రైలరు లారీ లోపలికొచ్చి నిలబడి ఉంది. ఎన్ని ఉత్తరాలు రాసినా కదలని హెడ్డాఫీసు ఒక్క రోజులో ఎంత చురుకు తెచ్చుకుందో. నలుగురు కలిసి పెద్దకోడల్ని ట్రైలరు ఎక్కిస్తున్నారు. నేను కిటికీ దగ్గర నిలబడి కళ్లారా చూస్తున్నాను. ఇంతలో మా ఆయన వచ్చారు. మా గేటు దగ్గర కార్డు ఆనిస్తే పచ్చ దీపం వెలిగి కమ్మీ పైకి లేస్తుంది. ఆయన ఆనించారు. ఎర్ర దీపం. కార్డు చొక్కాకు తుడిచి మళ్లీ ఆనించారు. ఎర్ర దీపమే.

గేటు దగ్గర వాచ్‌మన్ తన ఫోన్లో చూసుకుని, తల గోక్కుని, నా కిటికీ వైపు కేకేశాడు. “అక్కా, అన్న మన ప్రాజెక్టులో లేడంటోంది.”

“లేకపోవడమేంటి? నీ ఎదురుగా నిలబడ్డారుగా.”

“నాకు కనిపిస్తున్నాడక్కా. దీనికే కనిపించట్లేదు.”

అప్పుడే మా ఆయన జేబులో ఫోను మోగింది. తీసి చదువుకుంటున్నారు. చదివేటప్పుడు ఆయన పెదాలు కదులుతాయి. చదవడం అయిపోయినట్టుంది, పెదాలు ఆగిపోయాయి. ఆయన మాత్రం ఫోనులోంచి తల ఎత్తలేదు.

నేను ఒక్క ఉదుటున కంప్యూటరు ముందుకొచ్చి, నిన్న నొక్కని బాణం ఇప్పుడు నొక్కాను. తొలగించినవి వరసగా కనిపించాయి. పైపులు. రబ్బరు గొట్టం. క్లాంపులు. స్పాంజి బంతి. అయిదోది మా ఆయన, కార్డు నంబరుతో సహా.

జతచేసింది ఎవరనుకున్నారు? నేనే. ప్రాజెక్టు మొదట్లో మెషిన్లు ఎక్కిస్తుంటే, ‘దీన్ని చూసుకునే మనిషి ఎవరు?’ అని ఒక గడి అడిగేది. మిగతా వాటన్నిటికీ ఖాళీగా వదిలేశాను. దీని దగ్గరికి వచ్చేసరికి ఉడుకుమోత్తనం ఆపుకోలేక, ఇంకెవరు, నా మొగుడే, అని పళ్లు నూరుతూ ఆయన కార్డు నంబరు కొట్టాను. సాఫ్ట్‌వేరుకు వెటకారం ఏం తెలుస్తుంది? మనిషినీ స్పాంజి బంతినీ ఒకే మూటలో కట్టేసింది.

మేనేజరు గారు వచ్చి తెర చూసి నెత్తి కొట్టుకున్నారు. హెడ్డాఫీసుకు ఫోను చేసి, చాలాసేపు ఊ కొట్టి పెట్టేశారు. “ప్రహరీకి పంపు ఎలాగూ అక్కర్లేదట. కానీ కొత్త సైటు వాళ్లు సంబరపడిపోతున్నారట. పంపు అడిగితే మనిషితో సహా పంపారని. అక్కడాయనకు గది కూడా చూశారట” అన్నారు.

“మరి మధ్యాహ్నం లిస్టు సార్?”

“అందులో మీ ఆయన లేరు. ఆయన తర్వాత నేను చెప్పిన పేరు ఎలక్ట్రీషియన్‌ది. ఇక అతన్నే పిలుస్తారు.”

క్వార్టరు వంటింటి కిటికీలోంచి ఎలక్ట్రీషియన్ పెళ్లాం తొంగిచూస్తున్నట్టు కనిపించింది నాకు. నేను మేకు కొట్టుకుందామనుకున్న గోడకు ఆవిడ అద్దం తగిలించుకుంటోంది. “మనిషిని ఒక్కణ్ణే వెనక్కి తేలేమా సార్?” అన్నాను.

“మన ప్రాజెక్టులో ఉండగా అయితే మనమే విడదియ్యొచ్చు. ఇప్పుడు మన దగ్గర లేదు కదా. పైవాళ్లు చెయ్యాలి, చెయ్యాల్సినాయన సోమవారం దాకా సెలవు. దారి ఒక్కటే. పంపు ఇంకా గేటు దాటలేదు, దాన్ని మళ్లీ ప్రాజెక్టులో చేర్చండి. దాంతో పాటు మీ ఆయనా వస్తారు.”

అంటే సవతిని నేనే బొట్టు పెట్టి ఇంట్లోకి పిలవాలన్నమాట.

ముందు ఆయన దగ్గరికి వెళ్లాను. గేటు బయట బల్ల మీద కూర్చుని ఉన్నారు. నన్ను చూసి తిట్టలేదు. తిట్టినా బాగుండేది. పక్కన మా అత్తగారు కూడా ఉన్నారు. నేను హడావిడిలో ఇంట్లో వదిలేసిన టిఫిన్ క్యారియర్ తెచ్చి, కొడుకు బయట కూర్చోవడం చూసి ఆగిపోయారట. వాచ్‌మన్ అప్పటికే పూసగుచ్చినట్టు అంతా చెప్పేశాడు.

“అమ్మాయ్” అన్నారావిడ, “పెద్దదాని సామాను కట్టేటప్పుడు ఏది ఎవరిదో చూసుకోవద్దూ?” అని క్యారియర్ బల్ల మీద పెట్టి, ట్రైలరు మీదున్న పంపును చూడ్డానికి కమ్మీ దాకా వెళ్లారు. మమ్మల్ని వదిలి వెళ్లడానికే వెళ్లారని నాకు తెలుసు.

“కాసేపు ఆగండి, సరిచేస్తాను” అన్నాను మా ఆయనతో.

ఆయన ఫోను నా వైపు తిప్పారు. ‘మీరు ఈ ప్రాజెక్టు నుంచి తొలగించబడ్డారు’ అని ఉంది. దాని కింద కారణం. నేను మనసారా రాసినవన్నీ, ఒక్క ముక్క పొల్లుపోకుండా. పాతబడిపోయిందట, మొండిదట, ఎవరికీ అవసరం లేదట. అన్నిటికీ కింద పంపినవారి పేరు దగ్గర నా పేరు.

“అది మీ గురించి కాదండీ. దాని గురించి రాశాను.”

“ఆ మాత్రం తెలీదా నాకు?” అన్నారు. “అయినా చదువుతుంటే నాకే రాసినట్టుంది. చప్పుడొక్కటే తేడా. మిగతావన్నీ సరిపోయాయి.”

నాకు కళ్లనీళ్లు తిరిగాయి. కోపంతోనే, ఇంకేం కాదు. “మరి నన్నేం చెయ్యమంటారు? దాని ఒంట్లో నట్టు వదులైతే మీకు వీధిలోంచే తెలుస్తుంది. నేను ఇన్నేళ్లుగా ఒక గోడ కావాలి మొర్రో అంటుంటే తెలీదు. దాన్ని చూస్తే నాకు మంట. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు దాని మీద కుళ్లు. ఆ తొట్టికి అంటుకున్న మట్టి మీద కూడా కుళ్లే” అన్నాను. వాచ్‌మన్ మొహం అటు తిప్పుకున్నాడు.

ఆయన కార్డును వేళ్ల మధ్య అటూ ఇటూ తిప్పారు. తర్వాత, “అది మొరాయిస్తే ఎందుకో కనిపెట్టగలనే. నువ్వు మొరాయిస్తే నాకేం తోచదు. తోచేదాని దగ్గరికి పోతాను” అన్నారు.

ఇన్నేళ్ల కాపురంలో ఆయన నాతో అన్ని మాటలు వరసగా అనడం అదే. “మొహం కడుక్కోండి, వాళ్లొచ్చే వేళవుతోంది” అని లోపలికి వచ్చేశాను.

పంపు నంబరు కొట్టాను. ‘ఈ పరికరాన్ని ప్రాజెక్టులో చేర్చాలా?’ అంది. అవును. ‘జతచేసిన అయిదింటినీ చేర్చాలా?’ అంది. ఈసారి బాణం నొక్కి, అయిదు పేర్లూ ఒకటికి రెండుసార్లు చదివి అవునన్నాను. ‘కారణం?’ అంది. ‘దీని మనిషి మాకు కావాలి’ అని రాశాను. అది నొక్కడానికి నా వేలికి ఎంత బరువు తగిలిందో నాకే తెలుసు. పసుపు రంగు ఫొటో వచ్చి దర్జాగా తన చోట్లో తను కూర్చుంది.

గేటు దగ్గర పచ్చ దీపం వెలిగింది. ఆయన లోపలికొచ్చారు. ఇంకోపక్క ట్రైలరు డ్రైవరు లారీ తీయబోతే, లోపలుండాల్సినది బయటికి పోవడానికి వీల్లేదని వాచ్‌మన్ కమ్మీ దించేశాడు. ఎక్కించమంటారు, ఆపమంటారు, మీకేమైనా పిచ్చా అని డ్రైవరు కాసేపు ఎగిరి, లారీ నీడలో తుండు పరుచుకుని పడుకున్నాడు.

మధ్యాహ్నం ఆసుపత్రి పెద్ద డాక్టరమ్మ వచ్చారు. మేనేజరు గారి గదిలో తెర మీద లిస్టు చూసి మా ఆయన్ని పిలిపించారు. నేను తలుపు చాటున నిలబడ్డాను. ఆవిడ జనరేటర్ల గురించి ఏవో అడిగారు, ఈయన చెప్పారు. “మాకు మీరు నచ్చారు. చేరతారా?” అని అడిగారావిడ.

ఈయన కిటికీలోంచి ట్రైలరు వైపు చూశారు. నేను తలుపు పట్టుకుని ఆయన వైపు చూస్తున్నాను. ట్రైలరెక్కి వెళ్లిపోవాలంటే ఆయన్ని ఆపేవాళ్లు లేరు. అక్కడ గది సిద్ధంగా ఉంది, జీతం అదే, పక్కన అది.

“ఒక్క చిన్న పనుందండీ. అది చేసొచ్చి చెబుతాను” అన్నారు.

తిన్నగా నా గదిలోకొచ్చి, నా కుర్చీలో కూర్చున్నారు. “ఎక్కడ నొక్కాలి?” అన్నారు. చూపించాను. ముందు జతచేసిన వాటిలోంచి తన పేరు విడదీశారు. ఇంక నాలుగే మిగిలాయి. తర్వాత ఎర్ర గుర్తు నొక్కారు. కారణం అడిగింది. ఒక్క వేలితో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాశారు. ‘మంచిది. చల్లటి పూట ఇంజనును కంగారు పెట్టకండి. పని అవగానే కడగండి. జాగ్రత్తగా చూసుకోండి.’ నన్ను కాపురానికి పంపేటప్పుడు మా నాన్న కూడా అన్ని మాటలు చెప్పలేదు.

తెర మీద కొంచెం దుమ్ముంటే చొక్కా చేత్తో తుడిచారు. తుడిచాక నొక్కారు. వెళ్లి డాక్టరమ్మతో చేరతానని చెప్పారు. ట్రైలరు బయలుదేరుతుంటే ఆయన గేటు దగ్గరికి రాలేదు. నేనే వెళ్లాను. అది మలుపు తిరిగి కనుమరుగయ్యేదాకా చూసి, పోయిందని రూఢి చేసుకున్నాకే వెనక్కొచ్చాను.

క్వార్టర్లోకి మారాం. అనుకున్న గోడలకు అనుకున్న చోట మేకులు కొట్టించాను. అత్తగారు అరుగు మీద కాళ్లు చాపుకుని, వచ్చేపోయే వాళ్ల రోగాలన్నీ అడిగి తెలుసుకుంటున్నారు. ఈయన చెప్పిన వేళకు ఇంటికొస్తారు. చేతులకు గ్రీజు ఉండదు. నేను కోరుకున్నదంతా కోరుకున్నట్టే జరిగింది.

జరిగింది కానీ, ఆసుపత్రి జనరేటర్లు కొత్తవి. వాటికి రోగం లేదు, రొష్టు లేదు. ఈయన వాటిని చూసొచ్చి కూర్చుంటారు, అంతే. తింటూ తింటూ ముద్ద చేతిలో పెట్టుకుని ఆగిపోతారు. రోడ్డు మీద బరువు లారీ ఏదైనా వెళ్తే తల అటు తిరుగుతుంది. ఒకరోజు అత్తగారు, “పెద్దది ఎలా ఉందో ఏమో” అన్నారు. ఆయన లేచి వెళ్లి చెయ్యి కడుక్కున్నారు. కంచంలో సగం అన్నం అలాగే ఉంది.

కళ్లెదురుగా ఉన్న సవతితో పోట్లాడొచ్చు. దాని ఒంటి మీంచి నా తువ్వాలు లాక్కోవచ్చు. ఊరు దాటి పోయినదాన్ని ఏం చెయ్యను? పూటపూటా వచ్చి మా ఇద్దరి మధ్యా పీట వేసుకుని కూర్చుంటోంది.

మిగిలిన రికార్డులు తేల్చేదాకా కంపెనీ నన్ను ఆ రేకుల గదిలోనే ఉంచింది. ఒకరోజు ఎవరూ లేకుండా చూసి, కొత్త సైటు తెరిచి పెద్దకోడలి నంబరు కొట్టాను. మెషిను పనిచేసిన రోజు పచ్చ చుక్క పడుతుంది, మొరాయించిన రోజు ఎర్ర చుక్క. దాని బుద్ధి నాకు తెలుసు కదా, ఎర్ర చుక్కలు బారులు తీరి ఉంటాయనుకున్నాను. ఒక్కటీ లేదు. కిందిదాకా చూశాను. అన్నీ పచ్చ చుక్కలే. చూసుకునే మనిషి దగ్గర ఎవడిదో కొత్త కార్డు నంబరు.

నా ఒళ్లు భగ్గుమంది. ఎంత విశ్వాసం లేనిది. మా ఆయన చేతిలో ఉన్నన్నాళ్లూ వారానికోసారి మూతి ముడుచుకుని కూర్చున్నది, ఊరూ పేరూ తెలియని వాడి దగ్గర కిక్కురుమనకుండా పనిచేస్తోంది. ఇక్కడ ఈయన మెతుకు మింగలేకపోతుంటే, దానికి చీమ కుట్టినట్టయినా లేదు. నా మొగుణ్ణి మర్చిపోవడానికి దానికెంత పొగరు అనుకున్నాను. దాని మీద అంత మంట నాకు ఎప్పుడూ రాలేదు, తువ్వాలు పోయినప్పుడు కూడా.

ఆ సాయంత్రం అన్నం వడ్డించి, ఎదురుగా కూర్చున్నాను. “దాని సంగతి చూశానివాళ కంప్యూటర్లో” అన్నాను.

చేతిలో ముద్ద ఆగింది. “ఎలా ఉంది?” అన్నారు.

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. అది మిమ్మల్ని ఎప్పుడో మర్చిపోయింది, హాయిగా ఉంది, మీరే ఇక్కడ దేవుళ్లాడుతున్నారు అని చెప్పేస్తే దాని పీడ శాశ్వతంగా విరగడైపోయేది. ఆయన నా మొహంలోకే చూస్తున్నారు. అడిగినదానికి జవాబు కోసం ఆయన నన్ను అంత ఆత్రంగా చూడటం నేనెరగను.

“ఏం చెప్పమంటారు? రోజూ మొరాయింపే. అన్నీ ఎర్ర చుక్కలే. ఎవర్నీ దగ్గరికి రానివ్వట్లేదట. అక్కడి మెకానిక్కు తల పట్టుకుని కూర్చుంటున్నాడట” అన్నాను.

ఆయన మొహం మెల్లగా విచ్చుకుంది. ముందు కళ్లు నవ్వాయి, తర్వాత మొహమంతా. “కంగారు పెడుతుంటారు. చల్లటి పూట కంగారు పెట్టొద్దని రాశాను కూడా” అన్నారు. “అందరి మాటా వినదది” అని కంచం ముందుకు జరిపి, ఇంకొంచెం అన్నం పెట్టమన్నారు. మా అత్తగారు నా వైపు ఒక చూపు చూసి, మజ్జిగ పోసుకున్నారు.

నవ్వుతూనే తిన్నారు. నవ్వుతూనే చెయ్యి కడుక్కున్నారు. నా కోసం ఆ మనిషి అలా ఒక్కనాడూ నవ్వలేదు, ఒట్టు. నాకు నిలువునా మండిపోయింది.

“రేపు కూడా చూసి చెబుతానులెండి” అన్నాను.